తొమ్మిదో వెర్షన్ కోసం వచ్చిన వియ్యపురాలు

పాత కంప్యూటర్ ఆట కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం, 'మీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిపోలేదు' అని తెర మీద ఎర్రర్ రావడం మానవజాతికి దక్కిన గొప్ప వరమని ఈ కాలమ్ ద్వారా ప్రకటిస్తున్నాను. నవ్వకండి. నాకు మతి పోలేదు. బీపీ మాత్ర వేసుకునే రాయడానికి కూర్చున్నాను.

ఇరవై ఏళ్ళ కిందటి ఆటను ఇవాళ్టి కంప్యూటర్‌లో ఆడాలన్న బుద్ధి మీకెప్పుడూ పుట్టి ఉండకపోవచ్చు. అలాంటి అదృష్టవంతుల కోసం ముందు సంగతి చెబుతాను. ఆటలో బొమ్మలు కదలాలంటే కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అనేది ఒకటి ఉండాలి. పాత ఆటకు దాని తొమ్మిదో వెర్షన్ కావాలి. కొత్త కంప్యూటర్‌లో పన్నెండోది ఉంటుంది. పన్నెండు వచ్చినప్పుడు అందులో తొమ్మిది ఉండదా అని మీరూ నేనూ అనుకుంటాం. డిగ్రీ పాసైనవాడు తొమ్మిదో తరగతి చదివే ఉంటాడు కదా?

అబ్బే! ఆ లెక్క ఇక్కడ చెల్లదు. డిగ్రీ పట్టా బల్ల మీద పెట్టినా సరే, తొమ్మిదో తరగతి స్టడీ సర్టిఫికెట్టే తెమ్మంటుంది ఆట. పోనీ కదా అని ఆ తొమ్మిదో వెర్షన్ ఎక్కడో సంపాదించి వేయబోతే, ఈసారి కంప్యూటర్ అడ్డం పడి 'మీ దగ్గర ఇంతకంటే కొత్తది ఉంది, ఇది అక్కర్లేదు' అంటుంది. ఒకరు కావాలంటారు, ఒకరు అక్కర్లేదంటారు. మధ్యన నలిగేది మనం.

ఇందులో వరం ఎక్కడుందంటారా? తెనాలి గంగానమ్మపేటలో మాణిక్యాంబగారింట్లో ఏం జరిగిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

మాణిక్యాంబగారు ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ క్లాసులో పిల్లలు దగ్గు వచ్చినా బెల్లు కొట్టేదాకా ఆపుకునేవారని చెప్పుకుంటారు. ఆవిడ భర్త వేంకటసుబ్రహ్మణ్యంగారు సాత్వికుడు, మితభాషి, నలుగురి మంచి కోరే మనిషి. ఆయన సుగుణాల గురించి ఎంత చెప్పినా తక్కువే గాని, ఈ కథలో ఆయనకి పెద్దగా పని లేదు.

వాళ్ళమ్మాయి హర్షిణి బాపట్లలో ఉంటుంది. అల్లుడు సుధీర్‌ది అక్కడే బ్యాంకు ఉద్యోగం. వాళ్ళకి ఒక్కతే కూతురు లిఖిత, అయిదో తరగతి. సుధీర్ తల్లిదండ్రులది రేపల్లె. అంటే పిల్లకి తెనాలిలో ఒక అమ్మమ్మ, రేపల్లెలో ఒక నానమ్మ. దసరా సెలవులు పది రోజులు. పది రోజుల్ని రెండు ఊళ్ళకి పంచవచ్చు కదా అనకండి. పిల్ల ఒక చోటికి వెళితే అక్కడే అతుక్కుపోతుంది.

నాలుగేళ్ళుగా ఆ పది రోజులూ తెనాలివే. కారణం అమ్మమ్మ చేతి వంట కాదు. హర్షిణి ఇంటర్ చదివేటప్పుడు కొనుక్కున్న కార్ల పందెం ఆట ఒకటి వాళ్ళ పాత కంప్యూటర్‌లో ఉంది. ఒకే కీబోర్డు ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకరు బాణం గుర్తులతో, ఒకరు అక్షరాలతో కార్లు నడపాలి. మాణిక్యాంబగారు జీవితంలో సైకిలు కూడా తొక్కలేదు గాని, తెర మీద ఎర్ర కారు ఎక్కితే మాత్రం మలుపులో బ్రేకు వేసే అలవాటు లేదు. భుజానికి భుజం ఆనించుకుని మనవరాలు ఆడే ఆ పది రోజుల కోసమే ఆవిడ మిగతా ఏడాదంతా గడుపుతారు. పిల్ల రాకపోతే ఆవిడకి దసరా లేదు, అంతే.

ఈ ఏడాది ఆషాఢంలో ఒక పెద్ద మెరుపు మెరిసింది, పాత కంప్యూటర్ పోయింది. శ్రావణం చివర్లో కొత్తది కొన్నారు. కొత్తవాటికి సీడీ పెట్టే అర ఉండదట, అది విడిగా కొన్నారు. ఆట సీడీ లోపలికి పోయింది. ఆట పేరు మీద నొక్కారు. ఎర్రర్ వచ్చింది.

ఆ తర్వాత నెల రోజులు చూడండి, గంగానమ్మపేటలో మాణిక్యాంబగారికి సలహా చెప్పనివాడు పాపి! పాలు పోసే ఆయన ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు. పక్కింటావిడ వినాయకుడికి గరిక పెట్టమంది. కంప్యూటర్ అమ్మిన షాపతను నిజాయితీగా ఇంకోటి చెప్పాడు.

"ఇదెప్పటి గేమో ఆంటీ. వదిలేయండి. కొత్తవి ఒక ఇరవై వేసిస్తాను, ఫ్రీగా."

"నాకు ఇరవై వద్దు బాబూ. ఇదొక్కటి చాలు."

ఇంటర్నెట్‌లో వెతికితే, తొమ్మిదేళ్ళ కిందట ఎక్కడో ఒకాయన అచ్చం ఇదే సమస్య రాసి సాయం అడిగాడు. కింద నలభై మంది సలహాలిచ్చారు. చివర్న ఆయనే 'సమస్య తీరిపోయింది, అందరికీ ధన్యవాదాలు' అని రాసి వెళ్ళిపోయాడు. ఎలా తీరిందో రాయలేదు. ఆ మనిషి దొరికితే మాణిక్యాంబగారు బెంచీ ఎక్కించేవారు.

చివరికి కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రైలెక్కి బాపట్ల వెళ్ళారు. వైర్ల సంచీ మోసినవారు వేంకటసుబ్రహ్మణ్యంగారు. నిడుబ్రోలు దగ్గర ఎదురు సీటావిడ 'ఏంటమ్మా అందులో' అంటే మాణిక్యాంబగారు 'పిల్లలాట' అని ఊరుకున్నారు.

సుధీర్ మంచి కుర్రాడు. అత్తగారి మాట కాదనలేక ఆదివారమంతా దాని ముందే కూర్చున్నాడు. అన్నీ కొత్తవి వేసేస్తే అన్నీ సర్దుకుంటాయని ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ అప్‌డేట్ చేశాడు. సాయంత్రానికి ఆ ఆటతో పాటు అంతకుముందు బాగానే నడుస్తున్న పేకాట కూడా ఆగిపోయింది.

లిఖిత అంతా చూసి, జడ ముందుకేసుకుని తీర్పు చెప్పింది. "గేమ్ లేకపోతే ఈసారి నానమ్మ దగ్గరికెళ్తా అమ్మమ్మా. నానమ్మ వాళ్ళింటి పక్కన కుక్కపిల్లలు పుట్టాయంట."

మాణిక్యాంబగారి ముఖం చూసి సుధీర్‌కి జాలేసింది. "ఇలాంటివి మా అమ్మకి బాగా తెలుసండి అత్తయ్యగారూ. ఒకసారి అడగకూడదూ?"

మాణిక్యాంబగారు లేచి కంప్యూటర్‌ని మళ్ళీ దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టారు. ఎందుకో తెలియాలంటే పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

సుధీర్ తల్లి లక్ష్మమ్మగారు రేపల్లె బస్టాండు దగ్గర పదహారేళ్ళు ఇంటర్నెట్ సెంటర్ నడిపారు. ఊళ్ళో పిల్లల పరీక్షా ఫలితాలు, రైలు టిక్కెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళాయి. కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ఆవిడే వైద్యురాలు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక, ఎనిమిదేళ్ళ కిందట సెంటర్ మూసేశారు. పెళ్ళిచూపుల రోజున ఆ సెంటర్ సంగతి విని మాణిక్యాంబగారు కళ్ళజోడు సర్దుకుని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఓహో. అంటే, జిరాక్సులు కూడా తీస్తారా?"

ప్రశ్నలో తప్పేమీ లేదు. తప్పంతా గొంతులో ఉంది. పెళ్ళిలో విడిదింటికి కాఫీ వచ్చినప్పుడు లక్ష్మమ్మగారు దానికి బదులు చెల్లించారు. "కాఫీ బాగుందండి. డికాషన్ కూడా వేసుంటే ఇంకా బాగుండేది."

అంతే. పన్నెండేళ్ళు. ఉగాదికొకసారి, దసరాకొకసారి 'బావున్నారా', 'బావున్నాం'. అదీ హర్షిణి ఫోన్ కలిపి చేతికిస్తేనే. పైగా మనవైపు మర్యాద ఒకటుంది. ఆడపిల్ల తల్లి మగపిల్లాడి తల్లికి పెట్టాలే గాని, ఆవిడ్ని ఏదీ అడగకూడదు. అందులోనూ ఏమడగాలి? ఏ విద్యని చూసి తాను ముక్కు చిట్లించిందో ఆ విద్యనే అడగాలి. దేనికి? ఆట బాగుపడితే పిల్ల తెనాలికి వస్తుంది. పాడైపోతే రేపల్లె వెళుతుంది. అంటే తనకు దక్కబోయే మనవరాల్ని తన చేత్తోనే అవతలింటికి పంపమని ఆవిడ్ని అడగాలి. ఇంతకంటే ఘోరమైన ఫోన్ కాల్ ఉంటుందా?

మాణిక్యాంబగారు తెనాలి తిరిగొచ్చి, రెండు రోజులు ఆలోచించి, మంచి గడియ చూసుకుని ఫోన్ చేశారు. మొదటి పద్దెనిమిది నిమిషాలు ఎండలు, వానలు, మోకాళ్ళ నొప్పులు, రేపల్లెలో మంచినీళ్ళు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

"వదినగారూ, ఒక చిన్న కంప్యూటర్ సంగతండి. మీకు తెలుస్తుందేమోనని."

అవతల కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

"ఎర్రర్ ఏమని వస్తోందండి? అక్షరం పోకుండా చదవండి."

చదివారు.

"తొమ్మిదో వెర్షన్‌లో చిన్న ఫైల్ ఒకటి లేదండి. ఫోన్లో అయ్యేది కాదు. రేపు పొద్దున బండికి వస్తాను."

"అయ్యో, మీకెందుకండి శ్రమ."

"శ్రమేముందండి. ఆట ఎవరి కోసమో తెలుసులెండి."

ఆ ఆఖరి మాటతో మాణిక్యాంబగారికి అనుమానం పట్టుకుంది. బాగుచేయడానికి వస్తోందా, ఇక ఎప్పటికీ బాగుపడకుండా చేయడానికి వస్తోందా? అందుకని మర్నాడు లక్ష్మమ్మగారు రేపల్లె ప్యాసింజర్ దిగి, పాత సీడీలున్న బిస్కెట్ల డబ్బాతో ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోగానే, ఈవిడ నోట్‌బుక్ తెరిచి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఏది నొక్కితే అది టైముతో సహా రాసుకోవడమే. పబ్లిక్ పరీక్షల్లో కూడా ఆవిడ అంత గట్టిగా కాపలా కాసి ఉండరు.

లక్ష్మమ్మగారు అదేమీ పట్టించుకోలేదు. సుధీర్ వేసిన అప్‌డేట్లు ఒక్కొక్కటే పీకేస్తూ, "మావాడికి కొత్తదంటే చాలండి, మంచిదనుకుంటాడు" అన్నారు. పేకాట తిరిగొచ్చింది. డబ్బాలోంచి గీతలు పడ్డ సీడీ ఒకటి తీసి, అందులోని తొమ్మిదో వెర్షన్ ఫైల్‌ని కంప్యూటర్‌కి చెప్పకుండా ఆట ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టేశారు. "దీన్ని అడిగితే కదండీ అక్కర్లేదనేది. అడక్కుండా పెట్టేస్తే ఏ గొడవా లేదు."

ఆట తెరుచుకుంది. కాకపోతే రోడ్డు గులాబీ రంగులో ఉంది, ఆకాశం నల్లగా ఉంది, ఎర్ర కారు అసలు లేదు.

రెండో రోజుకి రంగులు కుదిరాయి. ఈసారి వేగం కుదరలేదు. మీట మీద వేలు పెట్టేలోపు కారు వెళ్ళి గోడను కొట్టేస్తోంది. పాత కంప్యూటర్ల నడక చూసుకుని రాసిన ఆట అది, కొత్తదాని పరుగు దానికి పనికిరాదు. దానికి కళ్ళెం వేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వెతకాలి. ఒకటి వేయడం, మళ్ళీ మొదట్నుంచి ఆన్ చేయడం, చూడటం, తీసేయడం.

ఇక్కడే, పాఠకులారా, ఈ వరం అసలు స్వరూపం బయటపడుతుంది. ఆన్ అయ్యే ఆ నాలుగు నిమిషాలూ మనిషికి చేయడానికి పనేమీ ఉండదు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి. ఎంతసేపని వాటినే చూస్తారు? పక్కనున్న మనిషిని చూడక తప్పదు.

మాణిక్యాంబగారు లేచివెళ్ళి కాఫీ తెచ్చారు. చెంచా నిలబడేంత చిక్కటి డికాషన్. లక్ష్మమ్మగారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఆ రోజు కాఫీ మాట నేను కావాలనే అన్నానండి."

"తెలుసండి. నేనూ ఆ జిరాక్సుల మాట కావాలనే అన్నాను." మాణిక్యాంబగారు నోట్‌బుక్ మూసేశారు. "అనకుండా ఉండాల్సింది. తప్పు నాదేనండి వదినగారూ."

"ఆ జిరాక్సులతోనే మావాణ్ణి చదివించానండి."

"అదీ తెలుసు. హర్షిణి చెప్పింది. చెప్పినప్పుడే మీకు ఫోన్ చేయాల్సింది."

చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మాణిక్యాంబగారు ఉండబట్టలేక అడిగేశారు. "ఇది బాగుపడితే పిల్ల ఇక్కడికే వచ్చేస్తుంది కదండీ. మీరెందుకింత కష్టపడుతున్నారు?"

లక్ష్మమ్మగారు కొంగుతో గ్లాసు అడుగు తుడిచి బల్ల మీద పెట్టారు. "సెంటర్ మూసేసి ఎనిమిదేళ్ళండి. అంతకుముందు రోజుకి యాభై మంది వచ్చేవాళ్ళు, అమ్మా ఇది రావట్లేదు, అమ్మా అది ఆగిపోయింది అని. మూసేశాక ఒక్కళ్ళు అడగలేదు. మా సుధీర్ కూడా అడగడు, ఫోన్లో చూసుకుంటాడు. ఇన్నేళ్ళకి మీరు అడిగారు. పిల్ల ఎక్కడుంటే ఏంటండి, నన్ను అడిగారు కదా."

లెక్కల టీచర్ల కళ్ళలో నీళ్ళు రావని మీరనుకుంటే అది పొరపాటు.

మూడో రోజు పదిన్నరకి ఎర్ర కారు మామూలు వేగంతో, మామూలు రోడ్డు మీద, మామూలు ఆకాశం కింద కదిలింది. అయిపోయిందనుకుంటారేమో. ఇద్దరాడే ఆట కదా, ఇద్దరూ ఆడి చూస్తేనే గదా సరిగ్గా ఉందో లేదో తెలిసేది? లక్ష్మమ్మగారు బాణం గుర్తులు తీసుకున్నారు, మాణిక్యాంబగారు అక్షరాలు తీసుకున్నారు. మొదటి పందెంలో లక్ష్మమ్మగారు ఓడిపోయారు. "మీట సరిగ్గా పడలేదండి, మళ్ళీ టెస్ట్ చేద్దాం" అన్నారు. టెస్టింగ్ మధ్యాహ్నం రెండు దాటినా తేలలేదు.

ఆ టెస్టింగ్ మధ్యలో హర్షిణి ఫోన్ చేసింది. "అమ్మా, రేపట్నుంచి దీనికి సెలవులు. గేమ్ వచ్చిందా లేదా? రాకపోతే రేపల్లె పంపించేస్తాను. అత్తయ్యగారు ఇంటికెళ్ళిపోయారా?"

మాణిక్యాంబగారి చేయి మీట మీదే ఆగిపోయింది. వచ్చిందని చెబితే పిల్ల ఇక్కడికి వస్తుంది. నెల రోజులుగా తపించింది దానికే. కానీ పని అయిపోయాక కూడా అత్తగారు కోడలి పుట్టింట్లో తిష్ట వేసే ఆచారం మనకి లేదు. చీర పెట్టి, బొట్టు పెట్టి, సాయంత్రం బండికి ఎక్కించాలి. ఆ బండిలో లక్ష్మమ్మగారు, ఒళ్ళో సీడీల డబ్బా, అవతల ఎవరూ ఏమీ అడగని ఇల్లు. పక్కన లక్ష్మమ్మగారు తెర వైపు నుంచి తల తిప్పకుండా కూర్చున్నారు, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒక్క మార్కు అటూ ఇటూ వేయని మనిషి నోరు తెరిచారు.

"ఎక్కడొచ్చిందే. పెద్ద రిపేరంట. మీ అత్తగారు ఇంకో పది రోజులైనా ఉండాల్సొచ్చేట్టుంది. రేపల్లెలో ఆవిడ లేకుండా పిల్లనేం పంపుతావ్? ఇక్కడికే పంపు, ఇద్దరం ఉన్నాం కదా."

"మరి ఆ సౌండేంటమ్మా?"

లక్ష్మమ్మగారు చెయ్యి చాపి స్పీకర్ తగ్గించారు.

ఇప్పుడు చెప్పండి. పన్నెండేళ్ళలో పండగలు, పుట్టినరోజులు, పూజలు, పురోహితులు చేయలేని పని ఒక్క వెర్షన్ గొడవ మూడు రోజుల్లో చేసిందా లేదా? ఆ ఆట మొదటిరోజే చక్కగా తెరుచుకుని ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. అన్నీ సవ్యంగా పనిచేసే ఇంట్లో ఎవరికి ఎవరితో పని? అందుచేత సాఫ్ట్‌వేర్ కంపెనీలవారు ఏడాదికొక కొత్త వెర్షన్ విడుదల చేయాలని, అది పాతవాటిలో దేనితోనూ కుదరకూడదని ఇంతకుముందు నేను గట్టిగా కోరుకునేవాణ్ణి.

ఇంతకుముందు అని ఎందుకన్నానంటే, లిఖిత వచ్చింది. వస్తూ వస్తూ ఒక కుక్కపిల్లను కూడా అడిగింది గాని, ఆట చూసి మరిచిపోయింది. ముగ్గురూ వంతులు వేసుకుని ఆడారు. పిల్లకి మూడో వంతు. నాలుగో రోజున రేపల్లె నుంచి లక్ష్మమ్మగారి భర్త బసవేశ్వరరావుగారు, మెస్సు భోజనం పడటం లేదని సంచీతో సహా దిగారు. దసరా అయిపోయింది. పిల్ల బడికి వెళ్ళిపోయింది. రిపేరు మాత్రం నడుస్తూనే ఉంది. మంగళవారం వియ్యపురాల్ని పంపకూడదు, శుక్రవారం అసలే పంపకూడదు, మిగతా రోజుల్లో టెస్టింగ్. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు.

ఈ వివరాలన్నీ నాకెలా తెలుసని మీకు అనుమానం రావాలి. ఆ సాత్వికుడు, మితభాషి, వేంకటసుబ్రహ్మణ్యాన్ని నేనేనండి. ఆవిడ కీబోర్డు వదలదు, వియ్యపురాలి చేత పని చేయించకూడదు, వియ్యంకుడిగారి చేత అసలే చేయించకూడదు. మరి ఇరవై రెండు రోజులుగా రెండు పూటలా నలుగురికి వండి వారుస్తున్నది ఎవరనుకున్నారు? నిన్న ధైర్యం చేసి, నాకూ ఒక్క పందెం ఇవ్వరాదా అని గుమ్మంలోంచి అడిగాను. "పప్పు మాడు వాసనొస్తోంది, చూడండి" అంది మా ఆవిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

కాబట్టి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీలో కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి తెనాలి రండి, ఆ ఆటను బాగుచేసి పుణ్యం కట్టుకోండి. చిక్కల్లా ఒక్కటే. మొన్న షాపు కుర్రాణ్ణి పిలిచి అడిగితే, నిక్షేపంగా నడుస్తున్న ఆటను బాగుచేసే వెర్షన్ ఇంకా ఏ కంపెనీ కూడా తయారు చేయలేదన్నాడు.